ఇద్దరూ ‘బై అదర్స్’ అని రాసిన చోట

విశాఖ బీచ్ రోడ్డులో సాయంత్రం పూట నడిచేవాళ్లకి అద్దాల మేడల్ని చూస్తే వచ్చే అనుమానం ఒకటే: ‘‘మళ్లీ తుపానొస్తే ఈ అద్దాలు ఉంటాయా?’’ కట్టడాల డ్రాయింగులు తనిఖీ చేయడం నా పని అని తెలిస్తే పెళ్లి భోజనాల బంతిలో కూడా ఇదే అడుగుతారు. అద్దం పగలడం గురించి నాకు పెద్ద బెంగ లేదు. లామినేట్ చేసిన అద్దం పగిలినా మధ్యలో ఉన్న పొరకి అతుక్కుని చట్రంలోనే ఉండిపోతుంది. నా బెంగంతా పగలని అద్దం గురించి. చట్రంతో సహా, చెక్కుచెదరకుండా, మొత్తం పలకగా ఊడి కిందికొచ్చే అద్దం గురించి. అలా ఊడాలంటే పోవలసింది అద్దం కాదు. దాని వెనక, స్లాబు అంచులో, ఎవరికీ కనపడకుండా ఉండే ఒక బ్రాకెట్టూ రెండు బోల్టులూ.

ఆ బ్రాకెట్టు దగ్గర రెండు డ్రాయింగులు కలవాలి. మొదటిది స్ట్రక్చరల్ ఇంజనీరుది. అందులో స్తంభాలు, బీములు, స్లాబులు, వాటిలో కమ్మీలు అన్నీ ఉంటాయి. స్లాబు అంచు బయట మాత్రం ఒక చుక్కల గీత, దాని పక్కన ఒక మాట: ‘ఫసాడ్ ఫిక్సింగ్ – బై అదర్స్’. అంటే బయటి గోడ బిగింపు వేరేవాళ్ల పని. రెండోది అద్దాల కాంట్రాక్టరు షాప్ డ్రాయింగు, అంటే తయారీకీ బిగింపుకీ గీసుకునేది. అందులో ప్రతి రబ్బరు గాస్కెట్టూ, ప్రతి స్క్రూ కనపడుతుంది. స్లాబు మాత్రం గీతలు కొట్టిన ఖాళీ డబ్బా, లోపల ‘ఆర్‌సీసీ – బై అదర్స్’. ఆ అరడుగు జాగాలో ఎవరికి వారే యమునా తీరే. ఈ అద్దాల గోడని కర్టెన్ వాల్ అంటారు. దాని బిగింపుల స్ట్రక్చరల్ రివ్యూ అంటే, లెక్కలు ఎన్ని పేజీలున్నా, ఆ జాగాలోకి దిగి ఇద్దరి కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూడటమే.

మోయని గోడ

కర్టెన్ వాల్ పేరుకి తగ్గట్టే పరదా. భవనం బరువు మోయదు. ఆ మాటకొస్తే తన బరువు కూడా తను మోసుకోదు, అంతస్తు అంతస్తుకీ స్లాబుని పట్టుకుని వేలాడుతుంది. నిలువుగా వెళ్లే అల్యూమినియం సెక్షన్లని మలియన్లు అంటారు, అడ్డంగా వెళ్లేవాటిని ట్రాన్సమ్‌లు. వాటి మధ్య అద్దం. ఇవన్నీ సైట్లో ఒక్కొక్కటే బిగించుకుంటూ పోతే స్టిక్ పద్ధతి, ఫ్యాక్టరీలో అద్దంతో సహా పలకలుగా తయారు చేసి క్రేనుతో తెచ్చి తగిలిస్తే యూనిటైజ్డ్ పద్ధతి. నా బల్ల మీదికొచ్చేవి ఎక్కువగా స్టిక్ పద్ధతివే.

గాలి అద్దాన్ని నెడుతుంది లేదా లాగుతుంది. ఆ బలం గాస్కెట్ల ద్వారానో సిలికాన్ ద్వారానో ట్రాన్సమ్‌కీ, మలియన్‌కీ పోతుంది. మలియన్ నుంచి బ్రాకెట్టుకి, బ్రాకెట్టు నుంచి యాంకర్ బోల్టుకి, బోల్టు నుంచి కాంక్రీటుకి, కాంక్రీటు నుంచి స్లాబు కమ్మీలకి. రివ్యూ చేసేవాడు ఈ దారంతా వేలు పెట్టి నడవాలి. బోల్టు దాకా లెక్కలన్నీ అద్దాల కాంట్రాక్టరు ఫైల్లో దొరుకుతాయి. స్లాబు దగ్గర నుంచి లెక్కలన్నీ ఇంజనీరు ఫైల్లో దొరుకుతాయి. బోల్టు చుట్టూ ఉన్న పిడికెడు కాంక్రీటు లెక్క మాత్రం తరచుగా ఏ ఫైల్లోనూ దొరకదు.

యాభై అనే అంకె

విశాఖలో గాలి లెక్క మొదలుపెట్టేటప్పుడు 2014 అక్టోబరు 12 గుర్తు రాకుండా ఉండదు. ఆ ఆదివారం హుద్‌హుద్ సరిగ్గా ఊరి మీదే తీరం దాటింది. విమానాశ్రయం టెర్మినల్ దెబ్బతిని కొన్ని రోజులు విమానాలు ఆగిపోయాయి. కైలాసగిరి మీది డాప్లర్ రాడార్ కూడా దెబ్బతింది. ఆ రోజు ఇంట్లో తలుపులకి మంచాలు అడ్డుపెట్టుకుని కూర్చున్నవాళ్లకి ఇంకో సంగతి గుర్తుంటుంది. మధ్యలో కాసేపు గాలి తగ్గింది, అయిపోయిందనుకున్నాం, తర్వాత ఎదురు దిక్కు నుంచి మళ్లీ మొదలైంది. తుపాను కన్ను దాటిందని అర్థం. అద్దాల గోడ సంగతి అనుకుంటే, పొద్దున లోపలికి నొక్కుడు తిన్న పలకకే మధ్యాహ్నం బయటికి లాగుడు తగిలినట్టు. బ్రాకెట్టు రెండు వైపులకీ సరిపోవాలనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

తీరం దాటేటప్పుడు గాలి వేగం గంటకి సుమారు 180 కిలోమీటర్లని వాతావరణ శాఖ లెక్క. మన గాలి కోడు ఐఎస్ 875 మూడో భాగంలో విశాఖకి ఇచ్చిన ప్రాథమిక వేగం సెకనుకి 50 మీటర్లు. గంటకి మారిస్తే అదీ 180 కిలోమీటర్లే. ‘‘చూశారా, హుద్‌హుద్‌ని కోడు ముందే ఊహించింది’’ అని ఒక క్లయింటు నాతో వాదించారు. అంకెలు రెండూ ఒకటే, కొలిచే పద్ధతి వేరు. కోడులో 50 అన్నది మూడు సెకన్ల పాటు వచ్చే గాలివిసురు. తుపాను హెచ్చరికల్లో చెప్పేది మూడు నిమిషాల సగటు. సగటే 180 అయితే మధ్యలో వచ్చే విసుర్లు దాన్ని దాటే ఉంటాయి.

ఆ 50ని నాలుగు గుణకాలతో గుణించాలి. మొదటిది భవనం ఆయుష్షుని, ముఖ్యత్వాన్ని బట్టి. రెండోది ఎత్తునీ, ఎదురుగా ఉన్న నేలనీ బట్టి. మూడోది కొండవాలుని బట్టి. నాలుగోది తుపాను తీరానికి ప్రత్యేకం. ఈ నాలుగో గుణకం 1987 నాటి కోడులో లేదు, 2015 కూర్పులో వచ్చింది. తుపాను తర్వాత కూడా పనిచేసి తీరాల్సిన ఆసుపత్రుల్లాంటి కట్టడాలకి ఇది 1.30, పరిశ్రమలకి 1.15, మిగతావాటికి 1.0. ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి 1.30 అంటే ఒత్తిడిలో 69 శాతం ఎక్కువ. అద్దాల ముఖంతో కట్టే ఆసుపత్రి ఫైలు నా దగ్గరికొస్తే మొట్టమొదట తిరగేసే పేజీ ఇదే. మామూలు ఆఫీసు భవనానికి వేసిన లెక్కలో పేరు మార్చి పంపినవి చూశాను.

కొండ గుణకం దగ్గర కూడా మన ఊళ్లో పొరపాట్లు ఎక్కువే. వాలు మూడు డిగ్రీలు దాటితే ఈ గుణకం 1.0 నుంచి 1.36 దాకా పోవచ్చు. మధురవాడ, రుషికొండ వైపు కొండల మీదా వాలుల్లోనూ కట్టే భవనాలకి దీన్ని కళ్లు మూసుకుని 1.0 అని రాసేస్తే లెక్క మొత్తం చదునైన వేరే ఊరిది అయిపోతుంది.

ఇప్పుడు ఊహకి ఒక భవనం తీసుకుందాం. బీచ్ రోడ్డు మీద, ఎదురుగా సముద్రం తప్ప అడ్డేమీ లేదు, ఎత్తు 50 మీటర్లు, మామూలు ఆఫీసులు. ఎత్తు గుణకం 1.20, మిగతావి 1.0. వేగం సెకనుకి 60 మీటర్లు. ఒత్తిడి అంటే వేగం వర్గానికి 0.6 రెట్లు: చదరపు మీటరుకి 2,160 న్యూటన్లు. దీన్ని తగ్గించుకోవడానికి కోడులో దిశ గుణకమని ఒక చిన్న వెసులుబాటు ఉంది, మామూలుగా 0.9. తుపాను ప్రాంతాలకి ఆ వెసులుబాటు లేదు, 1.0 పెట్టాల్సిందే. వేరే ఊరి భవనానికి వాడిన ఎక్సెల్ షీటుని విశాఖకి వాడితే ఆ 0.9 అందులో నిద్రపోతూ ఉంటుంది.

భవనం మూలల దగ్గర గాలి తిరిగేటప్పుడు లాగుడు ఎక్కువ. ఎత్తయిన భవనానికి అక్కడి గుణకం బయటికి 1.2, లోపలి గాలి నొక్కుడు ఇంకో 0.2, మొత్తం 1.4. అంటే చదరపు మీటరుకి సుమారు 3,020 న్యూటన్లు. మలియన్ల మధ్య దూరం 1.5 మీటర్లు, అంతస్తు ఎత్తు 3.6 మీటర్లు అనుకుంటే ఒక్కో బ్రాకెట్టుకి 5.4 చదరపు మీటర్ల గోడ వాటాకి వస్తుంది. మూల బ్రాకెట్టు మీద లాగుడు 16.3 కిలోన్యూటన్లు. కిలోన్యూటన్ అంటే స్థూలంగా వంద కిలోల బరువు అనుకోండి. పదహారు వందల కిలోలకి పైనే, మామూలు కారు బరువు కన్నా ఎక్కువ.

అదే బ్రాకెట్టు మోసే గోడ బరువెంత? రెండు పొరల అద్దం, అల్యూమినియం కలిపి చదరపు మీటరుకి 40 కిలోలనుకుంటే 216 కిలోలు. గాలి లాగేది దానికి ఏడు రెట్లకి పైన. అందుకే ‘‘ఇంత బరువైన అద్దం ఎలా వేలాడుతుందండీ’’ అని జనం ఆశ్చర్యపోయినప్పుడు నాకు నవ్వొస్తుంది. అద్దాల గోడ కింద పడాలని చూడదు, బయటికి ఎగరాలని చూస్తుంది.

పక్క కిటికీ ఒకటి పగిలి గాలి లోపలికి దూరితే ఇంకో మలుపు. లోపలి నొక్కుడు గుణకం 0.2 నుంచి 0.7 దాకా ఎక్కుతుంది. అదే మూల బ్రాకెట్టు మీద 16.3 కాస్తా 22 దాటుతుంది. ఎగిరొచ్చిన రేకు ముక్క పగలగొట్టిన అద్దం ఒకచోట ఉంటే, ఊడే పలక ఇంకోచోట ఉండటానికి కారణం ఇదే.

బోల్టు తెగదు, కాంక్రీటు వదిలేస్తుంది

‘‘8.8 గ్రేడు బోల్టు సార్, తెగే ప్రశ్నే లేదు.’’ ఈ మాట ఎన్నిసార్లు విన్నానో. నిజమే. 8.8 గ్రేడు ఎం12 (12 మి.మీ. లావు) బోల్టుని లాగి తెంపాలంటే సుమారు 67 కిలోన్యూటన్లు కావాలి. కానీ 80 మి.మీ. లోతున పాతిన బోల్టుని పట్టుకున్న కాంక్రీటు, ఎం30 కాంక్రీటులో సన్నటి పగుళ్లు ఉన్నాయనుకుంటే, సుమారు 27.5 కిలోన్యూటన్లకే గరాటు ఆకారంలో పెళ్లగించుకుని వచ్చేస్తుంది. భద్రతా గుణకం 1.5తో భాగిస్తే వాడుకోదగ్గది 18.4. బోల్టు స్టీలు బలం గురించి ఎంత మాట్లాడుకున్నా అది ఆ గరాటు కథలో రాదు. స్లాబు అంచు పగిలే ఉంటుందనుకుని లెక్క వేయడం ఇక్కడ మర్యాద. పగుళ్లు లేవని వాదించేవాళ్లు లెక్కలు చూపించాలి.

ఈ లెక్క యూరప్ కోడు ఈఎన్ 1992-4 ప్రకారం. అమెరికాలో ఏసీఐ 318 పదిహేడో అధ్యాయం ఇదే పని చేస్తుంది. మన ఇంజనీర్లు ఎక్కువగా ఈ రెంటిలో ఒకదాన్ని వాడతారు. అక్కడే ఒక గుంట ఉంది. మన ఎం30లో 30 అన్నది ఘనాకారపు నమూనాని నొక్కి చూసిన బలం. ఆ కోడుల సూత్రాల్లో అడిగేది స్తూపాకారపు నమూనా బలం, అదే కాంక్రీటుకి దాదాపు 25. సాఫ్ట్‌వేర్‌లో 25 పెట్టాల్సిన చోట 30 పెడితే కాంక్రీటు కాగితం మీద తొమ్మిదిన్నర శాతం గట్టిపడుతుంది. సైట్లో ఒక్క శాతం కూడా గట్టిపడదు.

గరాటు వెడల్పు ముఖ్యం. బోల్టు లోతుకి ఒకటిన్నర రెట్ల దూరం అన్ని వైపులా కాంక్రీటు కావాలి, 80 లోతుకి 120 మి.మీ. బోల్టుని అంచుకి 60 మి.మీ. దూరంలో పెడితే గరాటులో ఒక ముక్క గాలిలో కోసుకుపోతుంది, 18.4 కాస్తా 11.7కి దిగుతుంది.

ఇదంతా పైకి లాగితే. మన దగ్గర బ్రాకెట్టు ఎక్కువగా స్లాబు పైన కూర్చుంటుంది, గాలి దాన్ని అడ్డంగా, అంచు వైపుకి ఈడుస్తుంది. అప్పుడు విరిగేది అంచు. అంచు దగ్గరి ఇటుక మీద పారతో పక్క నుంచి కొడితే పెచ్చు ఎలా లేస్తుందో అలా. 60 మి.మీ. దూరంలో ఉన్న ఒక ఎం12 బోల్టు ఆ దిక్కులో తట్టుకునేది 5 కిలోన్యూటన్ల లోపే. 120కి జరిపితే, 150 మి.మీ. స్లాబులో, దాదాపు 11. మన మూల బ్రాకెట్టు కోరేదేమో 16.3ని లోడు గుణకం 1.5తో గుణిస్తే 24.5, రెండు బోల్టులకి పంచితే చెరి 12. పక్కపక్కన ఉన్న రెండు బోల్టులు ఒకే కాంక్రీటు ముక్కని పంచుకుంటాయి కాబట్టి రెండింటి బలం కూడా రెట్టింపు కాదు.

బోల్టుల్ని 200 మి.మీ. లోపలికి జరిపితే? జంటకి 20 దాకా వస్తుంది. స్లాబు అంచులో 100 మి.మీ.కి ఒకటి చొప్పున యూ-బార్లు (యూ ఆకారంలో వంచిన కమ్మీలు) ఉంటే ఆ లెక్కని 1.4తో పెంచుకోవచ్చు, 28 దగ్గరికి చేరుతుంది. హమ్మయ్య అనుకునేలోపు ఇంకో బలం గుర్తొస్తుంది. గాలి లాగే గీత స్లాబు పైముఖానికి సమంగా ఉండదు, కాస్త ఎత్తులో ఉంటుంది. 75 మి.మీ. ఎత్తనుకుందాం. అప్పుడు బ్రాకెట్టు ముందంచు మీద నిలబడి వెనకవైపు లేవాలని చూస్తుంది. బోల్టులు ముందంచుకి 120 మి.మీ. వెనక ఉంటే, వాటి మీద పైకి లాగుడు కలిపి మరో 15 కిలోన్యూటన్లు. గోడ బరువు కూడా స్లాబు బయటే వేలాడుతుంది కాబట్టి ఆ తిరుగుడూ ఇదే దిక్కు. అడ్డం లాగుడు, పైకి లాగుడు రెండూ కలిపి చూస్తే మళ్లీ చాలదు. ఇలాంటి చోట సరైన జవాబు డ్రిల్లు చేసి దింపే బోల్టు కాదు, స్లాబు పోసే ముందే షటరింగులో కూర్చోబెట్టి కమ్మీలతో ముడివేసే ఎంబెడ్ ప్లేటు లేదా క్యాస్ట్-ఇన్ ఛానల్.

చిక్కు సరిగ్గా అక్కడే. యూ-బార్లు స్ట్రక్చరల్ ఇంజనీరు డ్రాయింగులో ఉండాలి. ఎంబెడ్ ప్లేటు స్లాబు పోయకముందే కావాలి. అద్దాల కాంట్రాక్టరు ఆర్డరు చాలాసార్లు ఆఖరి స్లాబు అయ్యాక ఖరారవుతుంది. అతను వచ్చేసరికి చేతిలో మిగిలిన పనిముట్టు డ్రిల్లింగ్ మిషనొక్కటే. అది పోస్ట్-టెన్షన్ స్లాబు, అంటే లోపలి ఉక్కు తాళ్లని (టెండన్లని) లాగి బిగించిన స్లాబు, అయితే ఇంకా ఘోరం, అంచుల్లోనే ఆ టెండన్ల చివరి పట్లు ఉంటాయి, వాటి మీదికి డ్రిల్లు పోనివ్వకూడదు. నేను రాసే వ్యాఖ్యల్లో పదేపదే వచ్చేది ఒకటే: టెండన్ల లేఅవుట్ మీద బ్రాకెట్ల లేఅవుట్ వేసి ఒకే షీటుగా పంపండి. ఆ షీటు గీసేది మా వాడు కాదని రెండు వైపుల నుంచీ ఫోనొస్తుంది.

కదలనివ్వని బిగింపు

ఇంతసేపూ గట్టిగా పట్టుకోవడం గురించి చెప్పుకున్నాం. వదలాల్సిన చోట వదలడం కూడా అంతే ముఖ్యం. అమెరికాలో బోస్టన్ నగరపు జాన్ హాంకాక్ టవరు అద్దాలు 1970ల మొదట్లో వరసగా ఊడిపడి, చివరికి 10,344 పలకల్నీ మార్చాల్సి వచ్చింది. అక్కడ తేలిన కారణం చిత్రమైనది. రెండు పొరల అద్దాల అంచుల్ని కలిపిన సీసపు అతుకు మరీ గట్టిది. అద్దం గాలికీ ఎండకీ కదులుతుంటే ఆ అతుకు కదలక, ఆ శ్రమనంతా అద్దం మీదికే నెట్టింది. అది బ్రాకెట్టు తప్పు కాదు. కానీ బ్రాకెట్లు చూసేటప్పుడు నా తలలో ఉండే ఉదాహరణ అదే.

మలియన్‌ని పై స్లాబుకి వేలాడదీస్తారు. ఆ బ్రాకెట్టుకి గుండ్రటి రంధ్రం, బరువూ గాలీ రెండూ అక్కడే. కింది చివర కింది మలియన్‌లోకి స్లీవుతో (లోపల దూరే తొడుగు ముక్కతో) జారేలా ఉంటుంది, అక్కడ గాలి మాత్రమే, బరువు లేదు. మధ్యలో ఖాళీ. ఈ ఖాళీ ఎంతుండాలన్నది మామూలుగా అద్దాల కాంట్రాక్టరే నిర్ణయిస్తాడు. 20 మి.మీ. జాయింటు పెట్టి, పాతిక శాతం సాగే సిలికాన్ నింపితే అది మోసే కదలిక 5 మి.మీ., యాభై శాతం సాగేదైతే 10.

ఇప్పుడు మొదటి డ్రాయింగు తెరవండి. మన కాంక్రీటు కోడు ఐఎస్ 456 ప్రకారం గోడలూ ఫినిషింగులూ అయిన తర్వాత స్లాబు లేదా బీము ఇంకా కుంగవచ్చు, పొడవులో 350వ వంతు లేదా 20 మి.మీ., ఏది తక్కువైతే అంత. ఇంజనీరు 18 మి.మీ. కుంగుదలతో డిజైను చేస్తే కోడు ప్రకారం అతనిది తప్పు కాదు. 10 మి.మీ.కి జాయింటు పెట్టిన కాంట్రాక్టరుదీ తన లెక్కలో తప్పు కాదు. పై అంతస్తు అంచు కుంగి, కింది అంతస్తు అంతగా కుంగనప్పుడు మలియన్ స్లీవు అడుగు తగిలేస్తుంది. ఏ బరువూ మోయకూడని గోడ ఆ రోజు నుంచి స్లాబుని మోయడం మొదలుపెడుతుంది. దానికి ఎండకి సాగే అల్యూమినియం కూడా కలుస్తుంది. 3.6 మీటర్ల మలియన్ 40 డిగ్రీల తేడాకి సుమారు మూడున్నర మి.మీ. సాగుతుంది. విశాఖ ఎండలో ముదురు రంగు సెక్షనుకి ఆ 40 డిగ్రీల తేడా రావడం వింతేమీ కాదు.

భూకంపాల కోడు ఐఎస్ 1893 2016 కూర్పులో విశాఖ రెండో జోన్, ప్రమాదం తక్కువే. అయినా ఆ కూర్పు అంతస్తుల మధ్య పక్కకి జరగడానికి ఎత్తులో 0.004 వంతు ఒప్పుకుంటుంది, మన అంతస్తుకి 14 మి.మీ. పైచిలుకు. చట్రంలో అద్దం చుట్టూ వదిలిన సందు దానికి సరిపోతుందా అన్నది చూసుకుని ముందుకి పోతే చాలు.

స్లాట్ రంధ్రాల్ని, అంటే బోల్టు జరిగేలా పొడవుగా కోసిన రంధ్రాల్ని, మాత్రం అంత తేలిగ్గా వదలను. సైట్లో సర్దుకోడానికి బ్రాకెట్టులో మూడు దిక్కులకీ స్లాట్లు కావాలి. గాలి లాగే దిక్కులో ఉన్న స్లాటుని నునుపు వాషరుతో బిగిస్తే 16 కిలోన్యూటన్లని పట్టుకునేది నట్టు బిగింపు వల్ల వచ్చే రాపిడి మాత్రమే. అక్కడ పళ్ల వాషరు, దానికి జతగా పళ్లున్న ప్లేటు కావాలి. పైకీ కిందికీ జారాల్సిన స్లాటుని మాత్రం బిగించి వెల్డు పెట్టకూడదు. నేను చూసిన సైట్లలో సరిగ్గా తిరగబడి ఉంటుంది. జారకూడనిది జారుతుంది, జారాల్సినదానికి వెల్డు చుక్క ఉంటుంది.

ఉప్పు

సముద్రపు గాలిలో అల్యూమినియం, ఇనుము నేరుగా తాకితే వాటి మధ్య చిన్న బ్యాటరీ పుడుతుంది, అల్యూమినియం తినేయబడుతుంది. మధ్యలో నైలాన్ లేదా ఈపీడీఎం రబ్బరు ప్యాడు పెట్టాలి. స్టెయిన్‌లెస్ బోల్టు అని డ్రాయింగులో రాస్తే సరిపోదు, 304 రకమా 316 రకమా అన్నది రాయాలి. 316లో మాలిబ్డినమ్ అనే లోహం కలుస్తుంది, అందువల్ల అది ఉప్పులోని క్లోరైడుని తట్టుకుంటుంది. 304 బీచ్ పక్కన టీ మరకల్లా గోధుమ రంగుకి తిరుగుతుంది. బోల్టు తలకి మరక పడితే చూసి మార్చుకోవచ్చు, కాంక్రీటు లోపలి భాగం గురించి ఎవరికీ తెలియదు.

అప్పటికి అద్దం ఎవరిదో తేలదు

ఇదంతా ప్లాను అనుమతి దశలోనే ఎందుకు పట్టుకోరు అని అడగొచ్చు. అప్పుడు చూసేది పునాదులు, చట్రం, మెట్లు, అగ్నిమాపక దారులు. అప్పటికి అద్దాల కాంట్రాక్టరు ఎవరో, అతని సెక్షను ఏ కంపెనీదో, బ్రాకెట్టు ఆకారమేమిటో ఎవరికీ తెలీదు. ఈ చిక్కు మనది మాత్రమే కాదు. అమెరికాలో వాడే ఇంటర్నేషనల్ బిల్డింగ్ కోడులో దీనికి పేరు కూడా పెట్టారు, ‘డిఫర్డ్ సబ్మిటల్’ అని. తర్వాత పంపుతామని ముందే జాబితాలో చెప్పి, ఆ డ్రాయింగులు వచ్చాక భవనానికి బాధ్యుడైన డిజైనరు ముందుగా చూసి తన డిజైనుతో సరిపోయాయని రాసి ఇచ్చాక అధికారులకి పంపాలి. అవి ఆమోదం పొందేదాకా ఆ భాగాన్ని బిగించకూడదు. మన నేషనల్ బిల్డింగ్ కోడు 2016 ఆరో భాగంలో గాజు గురించి ప్రత్యేకంగా ఎనిమిదో సెక్షను చేర్చారు, ఐఎస్ 16231 కూడా ఉంది. గాజు మందం, భద్రత, ఎక్కడ ఏ రకం వాడాలి అన్నది వాటిలో బాగా దొరుకుతుంది. నాకు మాత్రం ఆ అమెరికా పద్ధతిలో ఒక్క వాక్యం నచ్చుతుంది: సరిపోయిందని రాసి సంతకం పెట్టేవాడు ఒకడుండాలి. మన ఊళ్లో యజమాని దాన్ని కాంట్రాక్టులో ఒక షరతుగా పెట్టుకోవచ్చు, ఏ చట్టమూ అడ్డురాదు. స్ట్రక్చరల్ ఇంజనీరు ఫీజులో ఈ పని కలపకుండా అతని సంతకం అడిగితే మాత్రం ‘బై అదర్స్’ అన్న మాటే మళ్లీ వస్తుంది. అందులో అతని తప్పు లేదు.

కాగితం అయ్యాక

స్లాబు అంచు గీతలా ఉండదు. 20, 30 మి.మీ. లోపలికో బయటికో పోతుంది. లోపలికి పోయిన చోట బ్రాకెట్టుని బయటికి జరుపుతారు, బోల్టు అంచుకి దగ్గరవుతుంది. ఎత్తు తగ్గిన చోట ప్యాకింగ్ ప్లేట్లు పేరుస్తారు, గాలి లాగే గీత మనం అనుకున్న 75 మి.మీ. నుంచి ఇంకా పైకి పోయి బోల్టుల మీద లాగుడు పెరుగుతుంది. అందుకని డ్రాయింగులో ‘గరిష్ఠ ప్యాకింగ్ ఇంత, కనిష్ఠ అంచు దూరం ఇంత, దాటితే ఆపి అడగండి’ అని రాయమంటాను. డ్రిల్లు కమ్మీకి తగిలితే కుర్రాళ్లు రంధ్రాన్ని అక్కడే ఆపేసి బోల్టు మిగిలిన ముక్క కోసేస్తారు. పైన నట్టు కనపడుతుంది, లోపల 80కి బదులు 50 ఉంటుంది. జిగురుతో అతికించే కెమికల్ యాంకరుకైతే రంధ్రంలో దుమ్ము ఊది, బ్రష్షు తిప్పి, మళ్లీ ఊదాలి. ఎండలో పదో అంతస్తు అంచున కూర్చున్నవాడు రెండోసారి ఊదాడో లేదో చెప్పేది బోల్టుని లాగి చూసే పుల్-అవుట్ టెస్టే. ఆ టెస్టు చేసే బోల్టుల్ని కాంట్రాక్టరు ఎంచకూడదు, రివ్యూ చేసేవాడు ప్లాను మీద గుండ్రాలు పెట్టి ఇవ్వాలి. నేను మూలల్లోనూ, మరీ అంచు దగ్గరగా ఉన్నచోటా గుండ్రాలు పెడతాను.

ఇంకో చిన్న పని, దాని కోసమే నేను ఎక్కువగా పోట్లాడతాను. బ్రాకెట్లయ్యాక స్లాబుకీ అద్దాల గోడకీ మధ్య ఉన్న సందులో మంటా పొగా పైకెక్కకుండా ఫైర్‌స్టాప్ ఉన్ని కుక్కుతారు, పైన సీలు పూస్తారు, తర్వాత ఫ్లోరింగు వచ్చి బ్రాకెట్టు మీద కూర్చుంటుంది. ఆ రోజు తర్వాత దాన్ని చూసేవాడు ఉండడు. ఉన్ని కుక్కే ముందే ప్రతి బ్రాకెట్టుకీ నంబరు రాసి, పక్కన టేపు పెట్టి, అంచు దూరం కనపడేలా ఫొటో తీసి అంతస్తు వారీగా పంపమని ఉత్తరంలో రాస్తాను. మొన్న ఒక సైటు నుంచి ఆరో అంతస్తు ఫొటోలు వచ్చాయి. నలభై రెండు బ్రాకెట్లు, నలభై రెండు ఫొటోలు, అన్నిట్లోనూ టేపు మీద 205 మి.మీ., పక్కనే ఒకే బూటు, ఒకే నీడ. వెనక్కి పంపాను.